దశను చెప్పే సంకేతం: బైపోలార్ డిజార్డర్ నమోదు, కోడింగ్

వైద్యుడు కేసు షీటులో రాసిన నిర్ధారణను ముందే నిర్ణయించి ఉంచిన అక్షరాంకెల సంకేతంగా మార్చే పనిని మెడికల్ కోడింగ్ అంటారు. ఆ సంకేతానికి ఆధారంగా నిలిచే రాతను, అంటే రోగి చెప్పుకున్న బాధ, వైద్యుడు గమనించిన లక్షణాలు, నిర్ధారణ, ఇచ్చిన మందులు, వాటి ఫలితం అన్నీ కలిసిన లిఖిత రూపాన్ని వైద్య నమోదు లేదా క్లినికల్ డాక్యుమెంటేషన్ అంటారు. విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తుంది, మధుమేహం రక్తపరీక్షలో బయటపడుతుంది గనుక అక్కడ రాతలో లోపమున్నా సరిదిద్దుకోవడానికి మరో ఆధారం మిగులుతుంది. బైపోలార్ డిజార్డర్‌ను ధ్రువపరిచే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ ఈనాటికీ లేవు. రోగి మాట, కుటుంబ సభ్యులు చెప్పిన సమాచారం, వైద్యుని పరిశీలన కాగితం మీదికి ఎంత చేరితే తరువాత చూసే వైద్యునికి ఆ వ్యాధి గురించి అంతే తెలుస్తుంది.

చాలా దీర్ఘకాలిక వ్యాధుల సంకేతం రోగికి ఏ జబ్బు ఉందో చెప్పి ఆగిపోతుంది. బైపోలార్ సంకేతం మాత్రం ఆ జబ్బు గమనంలో రోగి ఇప్పుడు ఏ దశలో ఉన్నాడో, ఆ దశ ఎంత తీవ్రంగా ఉందో, మతిభ్రమణ లక్షణాలు తోడయ్యాయో లేదో, లేక రోగి కోలుకుని నిలకడగా ఉన్నాడో కూడా చెప్పవలసి ఉంటుంది. అందువల్ల అది కాలంతో పాటు మారవలసిన సంకేతం. ఏళ్ల తరబడి ఒక్క అంకె కూడా మారకుండా నిలిచిన బైపోలార్ కోడు కనిపించినప్పుడు, పాత చార్టులోని వాక్యాన్ని కొత్త చార్టులోకి నకలు చేస్తూ పోయారేమోనని ముందుగా అనుమానించడం న్యాయం.

వ్యాధి, దాని దశలు

మనసు అసాధారణంగా ఉప్పొంగి, నిద్ర అవసరమే తోచక, మాట ఆగక, ఆలోచనలు ఒకదాన్నొకటి తరుముకుంటూ, చేతిలో ఉన్న డబ్బంతా ఖర్చు చేసే దాకా తీసుకుపోయే స్థితిని మేనియా లేదా ఉన్మాద దశ అంటారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక వ్యాధుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రమాణాల ప్రకారం ఈ స్థితి కనీసం ఒక వారం ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రంగా ఉండాలి. అవే లక్షణాలు తక్కువ మోతాదులో కనీసం నాలుగు రోజులు ఉండి, జీవితాన్ని పెద్దగా ఛిన్నాభిన్నం చేయకపోతే హైపోమేనియా అంటారు. కనీసం రెండు వారాల పాటు ఆసక్తి, ఉత్సాహం, ఆశ అడుగంటిపోయిన స్థితి కుంగుబాటు దశ. పూర్తిస్థాయి మేనియా జీవితంలో ఒక్కసారి వచ్చినా బైపోలార్ ఒకటో రకమనీ, హైపోమేనియా, తీవ్ర కుంగుబాటు మాత్రమే వచ్చి మేనియా ఎన్నడూ రాకపోతే రెండో రకమనీ వర్గీకరిస్తారు. ఒక వారం, నాలుగు రోజులు, రెండు వారాలు అనే ఈ గడువులన్నీ కాలానికి సంబంధించినవే. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో తేదీ రాయని కేసు షీటు ఎంత వివరంగా ఉన్నా ఈ వర్గీకరణకు పనికిరాదు.

మానసిక వ్యాధుల నిర్ధారణ రాసే చేతిని బట్టి ఎంతగా మారిపోగలదో 1960లలో జరిగిన ఒక పరిశోధన చూపింది. ఉన్మాదం, విషాదం ఒకే వ్యాధికి రెండు ముఖాలని ఫ్రాన్స్‌లో వైద్యులు ఫాల్రే, బైయార్జే 1850ల్లోనే గుర్తించారు. జర్మనీలో ఎమిల్ క్రేపెలిన్ 1899 నాటికి దాన్ని స్కిజోఫ్రీనియా వంటి వ్యాధుల నుంచి వేరుచేసి చూపాడు. అయినా అమెరికా ఆసుపత్రుల లెక్కల్లో స్కిజోఫ్రీనియా చాలా ఎక్కువగా, బ్రిటన్ లెక్కల్లో నేడు బైపోలార్ అంటున్న ఉన్మాద-విషాద వ్యాధి చాలా ఎక్కువగా కనిపిస్తూ వచ్చాయి. రెండు దేశాల మనుషుల మనసులు అంత భిన్నంగా ఉన్నాయా అన్న ప్రశ్నతో న్యూయార్క్, లండన్ ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన రోగులను ఒకే ప్రశ్నావళితో, ఒకే ప్రమాణాలతో పరీక్షించిన పరిశోధక బృందం తన ఫలితాలను 1972లో ప్రచురించింది. ఒకే కొలబద్ద వాడగానే ఆ భేదం చాలావరకు మాయమైంది. తేడా ప్రధానంగా రోగుల్లో కాక వైద్యుల అలవాట్లలో ఉందన్నమాట. నిర్ధారణకు వైద్యుని ప్రతిష్ఠ చాలదు, లక్షణాలు, వాటి వ్యవధి విడివిడిగా రాసి ఉండాలన్న పట్టుదల ఈ అనుభవం నుంచి బలపడింది. 1980లో రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో వచ్చిన డీఎస్ఎం-3 ఆ పట్టుదలకు రూపమిచ్చింది. బైపోలార్ డిజార్డర్ అనే పేరు డీఎస్ఎంలో స్థిరపడింది కూడా ఆ ముద్రణతోనే.

సంకేతాల కుటుంబం

వ్యాధులకు అంతర్జాతీయ సంకేతాలు మొదట మరణ కారణాల లెక్క కోసం పుట్టాయి. ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టియోన్ 1893లో రూపొందించిన మరణ కారణాల జాబితా ఇందుకు మూలం. దాని ఆరో సవరణ 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల మీదుగా వచ్చినప్పుడు, బతికున్నవారి వ్యాధులతో పాటు మానసిక వ్యాధులకూ అందులో చోటు దొరికింది. ప్రపంచ ఆరోగ్య సభ 1990లో ఆమోదించిన పదో సవరణను ఐసీడీ-10 అంటారు. అమెరికా దాన్ని తన అవసరాలకు తగ్గట్టు విస్తరించి, ఐసీడీ-10-సీఎం అనే పేరుతో 2015 అక్టోబరు 1 నుంచి అమలు చేస్తోంది.

రెండింటిలోనూ బైపోలార్ డిజార్డర్‌కు కేటాయించిన మూలసంకేతం ఎఫ్31. చుక్క తరువాతి అంకెలే దశను చెబుతాయి. అమెరికా పద్ధతిలో ఎఫ్31.0 అంటే ప్రస్తుతం హైపోమేనియా, ఎఫ్31.11, 12, 13 అంటే మతిభ్రమణ లక్షణాలు లేని మేనియా, వరుసగా స్వల్పం, మధ్యస్థం, తీవ్రం; ఎఫ్31.2 అంటే మతిభ్రమణ లక్షణాలతో కూడిన మేనియా. మతిభ్రమణ లక్షణాలంటే లేని గొంతులు వినిపించడం వంటి భ్రాంతులు, తాను దేవదూతనని నమ్మడం వంటి భ్రమలు. కుంగుబాటు దశ ఎఫ్31.3 నుంచి ఎఫ్31.5 వరకు, రెండు ధ్రువాల లక్షణాలూ కలగలిసిన మిశ్రమ దశ ఎఫ్31.6 కింద వస్తాయి. వివరం దొరకనప్పుడు వాడే ఎఫ్31.9 అంటే బైపోలార్ అని తప్ప మరేమీ తెలియదని అర్థం. అత్యవసర విభాగంలో మొదటిసారి చూసిన రోగికి ఎఫ్31.9 రాయడంలో తప్పులేదు. నెలనెలా వచ్చే రోగికి, ప్రతిసారీ అరగంట మాట్లాడే వైద్యుడు ఉన్నచోట అదే సంకేతం తిష్ఠవేసి ఉంటే మాత్రం, వైద్యునికి తెలిసిన విషయం కాగితానికి తెలియకుండా పోతోందని గ్రహించాలి.

ఈ కుటుంబంలో ఒక పెద్ద లోటు ఉంది. రెండో రకం బైపోలార్‌కు అమెరికా పద్ధతిలో ఎఫ్31.81 అనే ఒక్క సంకేతమే ఉంది; దానికి దశ లేదు, తీవ్రత లేదు. ఉద్యోగానికి వెళ్తూ నిలకడగా ఉన్న మనిషికీ, లేచి స్నానం చేయలేనంత కుంగుబాటులో మంచం పట్టిన మనిషికీ అదే కోడు పడుతుంది. రెండో రకంలో రోగి జీవితంలో ఎక్కువ కాలాన్ని కుంగుబాటే ఆక్రమిస్తుంది గనుక ఈ లోటు చిన్నది కాదు. ఏడాదిలో నాలుగు లేదా అంతకు మించి దశలు వచ్చిపోయే వేగవంతమైన చక్రగతికి కూడా ఐసీడీ-10-సీఎంలో ప్రత్యేక సంకేతం లేదు. మందుల ఎంపికను మార్చగల ఇటువంటి సమాచారం వైద్యుని వాక్యంలోనే బతకాలి. సంకేతం మోయలేని బరువును వాక్యం మోయాలి కనుక, కోడు సరిపోయింది కదా అని నోట్సును కుదించడం రోగికి నేరుగా హాని చేసే పొదుపు.

2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఐసీడీ-11 ఈ లోటును కొంత పూడ్చింది. అందులో ఒకటో రకానికి 6ఏ60, రెండో రకానికి 6ఏ61 అనే వేర్వేరు మూలసంకేతాలు, రెండింటి కిందా దశలను చెప్పే ఉపవిభాగాలు ఉన్నాయి; వేగవంతమైన చక్రగతికి 6ఏ80.5 అనే అదనపు సంకేతాన్ని జోడించవచ్చు. మరో ముఖ్యమైన మార్పు కూడా జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత ప్రమాణం ప్రకారం మేనియా ఒక్కసారే వస్తే అది ఎఫ్30 కిందికి, కనీసం రెండు దశలు వస్తేనే ఎఫ్31 కిందికి వచ్చేది. ఐసీడీ-11లో ఒక్క మేనియా దశతోనే బైపోలార్ ఒకటో రకం నిర్ధారణ అవుతుంది.

కోడరు చేయదగినది, చేయకూడనిది

కోడింగ్ చేసే వ్యక్తి రోగిని చూడడు, చూసినా నిర్ధారణ చేసే అధికారం అతనికి లేదు. వైద్యుడు రాసిన నిర్ధారణ వాక్యమే సంకేతానికి ఆధారమని అమెరికా అధికారిక మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి. మందుల జాబితాలో లిథియం ఉన్నంత మాత్రాన, 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దాని ప్రయోజనాన్ని వెల్లడించినప్పటి నుంచి అది బైపోలార్‌కు ప్రధాన ఔషధమైనా, కోడరు దాని నుంచి వ్యాధిని ఊహించకూడదు. ప్రశ్నావళి స్కోరు చూసి తీవ్రతను నిర్ణయించకూడదు. రోగి థైరాయిడ్ మందగించిందని ఒకచోట, లిథియం వాడుతున్నాడని మరోచోట ఉంటే, ఆ రెండింటినీ కలిపి మందు వల్ల వచ్చిన థైరాయిడ్ లోపానికి చెందిన ఈ03.2 వేయకూడదు. ఆ కార్యకారణ సంబంధాన్ని వైద్యుడు ఒక్క వాక్యంలో రాస్తేనే కోడు నిలుస్తుంది. లిథియం దీర్ఘకాలంలో థైరాయిడ్‌నూ మూత్రపిండాలనూ దెబ్బతీయగలదు గనుక, రక్తంలో దాని స్థాయి, టీఎస్‌హెచ్, క్రియాటినిన్ పరీక్షల ఫలితాలు, వాటిపై వైద్యుని అభిప్రాయం ఎప్పటికప్పుడు నోట్సులో కనిపించడం చికిత్సలో భాగమే.

అనుమానపు నిర్ధారణల విషయంలో నియమం చోటును బట్టి మారుతుంది. బైపోలార్ కావచ్చు అని వైద్యుడు అవుట్‌పేషెంటు చార్టులో రాస్తే ఆ కోడు వేయరు. నిద్రలేమి, చిరాకు వంటి లక్షణాలకే కోడు వేస్తారు. ఇన్‌పేషెంటుగా ఉన్న రోగి డిశ్చార్జి అయ్యేటప్పటికి కూడా అనుమానం అలాగే నిలిచి ఉంటే, ఉన్న వ్యాధిగానే భావించి కోడు వేస్తారు. మొదటి నియమం రోగికి మేలు చేసేది, ఎందుకంటే ఒక్కసారి రికార్డుకెక్కిన మానసిక వ్యాధి పేరు తొలగించడం కష్టం. రెండో నియమం ఆసుపత్రి ఖర్చుల లెక్కకు అనుకూలమైనది. మానసిక వ్యాధుల విషయంలో దాన్ని వాడేటప్పుడు వైద్యులు మరింత జాగ్రత్త వహించవలసి ఉంది.

కుంగుబాటు వ్యాధి, బైపోలార్ రెండూ ఒకే చార్టులో కనిపించడం కోడర్లకు తరచు ఎదురయ్యే చిక్కు. ఎఫ్31 ఉన్నచోట కుంగుబాటు వ్యాధికి చెందిన ఎఫ్32, ఎఫ్33 సంకేతాలు వాడకూడదని ఐసీడీ-10-సీఎం నిషేధిస్తుంది, ఎందుకంటే బైపోలార్‌లో వచ్చే కుంగుబాటు ఆ వ్యాధిలోనే భాగం, దానికి వేరే పేరు అక్కరలేదు. ఈ నిషేధం వెనుక వైద్యపరమైన కారణం ఉంది. చాలామంది రోగులు మొదట కుంగుబాటుతోనే వైద్యుని వద్దకు వస్తారు. గతంలోని హైపోమేనియాను రోగి జబ్బుగా భావించడు గనుక చెప్పడు, అడగనిదే బయటపడదు. నిర్ధారణ ఇలా ఏళ్ల తరబడి ఆలస్యమైన రోగికి మూడ్ స్థిరపరిచే మందు లేకుండా కుంగుబాటు మాత్రలు మాత్రమే ఇస్తే కొందరిలో అవి మేనియాను రేపుతాయి. ఒకే చార్టులో రెండు సంకేతాలు తగవుపడుతున్నప్పుడు కోడరు వైద్యునికి లిఖితపూర్వకమైన ప్రశ్న పంపాలి. దీన్ని వృత్తిలో క్వెరీ అంటారు. ఆ ప్రశ్న ఒక జవాబు వైపు తోసేదిగా ఉండకూడదు. చార్టులో ఉన్న ఆధారాలను ముందుంచి, సాధ్యమైన అన్ని నిర్ధారణలతో పాటు చెప్పలేము అనే అవకాశాన్నీ ఇవ్వాలి.

ఈ నిష్పాక్షికత ఎందుకంత అవసరమో డబ్బు లెక్క చూస్తే తెలుస్తుంది. అమెరికాలో వృద్ధులకు, కొందరు వికలాంగులకు ప్రభుత్వం కల్పించే మెడికేర్‌లో, అడ్వాంటేజ్ అనే ప్రైవేటు ప్రణాళికలకు ప్రభుత్వం చెల్లించే సొమ్ము సభ్యుల వ్యాధుల బరువును బట్టి పెరుగుతుంది. బైపోలార్ ఆ బరువు లెక్కలోకి వచ్చే వ్యాధుల్లో ఒకటి. ప్రతి సంవత్సరమూ వైద్యుడు రోగిని చూసి రాసిన నోట్సులో ఆ వ్యాధికి ఆధారం మళ్లీ కనిపించాలి. పర్యవేక్షించడం, ఫలితాన్ని అంచనా వేయడం, స్థితిని నిర్ణయించడం, చికిత్స చేయడం అనే నాలుగింటిలో కనీసం ఒకటైనా నోట్సులో ఉందా అని ఆడిటర్లు వెదుకుతారు. ఇక్కడ రాతలో తేడా రెండు వైపులా ప్రమాదకరం. లేని తీవ్రత రాస్తే అది ప్రభుత్వాన్ని మోసగించడం అవుతుంది, రోగి నెత్తిన తప్పుడు ముద్ర పడుతుంది. ఉన్న తీవ్రత రాయకపోతే రోగి సంరక్షణకు అందవలసిన వనరులు అందవు.

ఈ అమెరికా చార్టులను చదివేవారిలో తెలుగువారూ ఉండడం గమనించదగినది. హైదరాబాదులో మెడికల్ కోడింగ్ పెద్ద ఉపాధి రంగంగా ఎదిగింది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో ఫార్మసీ, నర్సింగ్, జీవశాస్త్రాల పట్టభద్రులు కోడర్ల అర్హత పరీక్ష అయిన సీపీసీకి సిద్ధమవుతారు. ఆ శిక్షణలో మానసిక వ్యాధుల అధ్యాయం శస్త్రచికిత్సల అధ్యాయాల పక్కన చిన్నదిగా తోస్తుంది. కానీ శస్త్రచికిత్స కోడు తప్పితే ముందుగా చెడేది బిల్లు. ఎఫ్ అధ్యాయంలో తప్పిన కోడు ఒక వ్యక్తి జీవితాంతం మోసే వైద్యచరిత్రలో చేరుతుంది. శిక్షణ ఇచ్చేవారు ఈ అధ్యాయానికి మరింత సమయం కేటాయించడం అవసరం.

కోలుకున్న దశ

నమోదులో అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది రోగి బాగున్న కాలం. లక్షణాలు తగ్గిన స్థితిని ఉపశమనం అంటారు. డీఎస్ఎం-5 ప్రకారం చెప్పుకోదగ్గ లక్షణాలేవీ లేకుండా రెండు నెలలు గడిస్తే అది పూర్తి ఉపశమనం, అంతకు లోపైనా కొన్ని లక్షణాలు మిగిలినా పాక్షిక ఉపశమనం. ఐసీడీ-10లో దీనికి ఎఫ్31.7 అనే ఒక్క సంకేతం ఉండగా, అమెరికా పద్ధతి దాన్ని ఎఫ్31.70 నుంచి ఎఫ్31.78 వరకు తొమ్మిదిగా విభజించి, చివరిగా వచ్చిన దశ ఏదో, ఉపశమనం పూర్తిదో పాక్షికమో వేరుచేసి చూపుతుంది. చాలామంది వైద్యులు ఇవేవీ రాయక, బైపోలార్ చరిత్ర ఉంది అని మాత్రం రాసి వదిలేస్తారు. వైద్యుని దృష్టిలో ఆ మాటకు రోగికి ఈ వ్యాధి ఉంది, ప్రస్తుతం బాగున్నాడు అని అర్థం. కోడింగ్ నియమాల్లో మాత్రం చరిత్ర అంటే తీరిపోయిన, చికిత్స అవసరం లేని వ్యాధి, దానికి జెడ్86.59 అనే వేరే సంకేతం ఉంది. లిథియం మాత్రతో నిలకడగా ఉన్న రోగి ఆ ఒక్క మాటతో రికార్డులో వ్యాధి లేనివాడైపోతాడు. తరువాత మరో వైద్యుడు మందు ఎందుకని ఆపేయవచ్చు; లిథియం హఠాత్తుగా ఆపడం మేనియా తిరగబెట్టే ముప్పును పెంచుతుంది.

భారతదేశంలో వైద్యులు సాధారణంగా బైపోలార్ ఎఫెక్టివ్ డిజార్డర్‌ను కుదించి బీపీఏడీ అని రాసి, ఐసీడీ-10 సంకేతాలు వాడుతూ వచ్చారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 0.5 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి లోనైనవారే. ఇక్కడ బిల్లింగు ఒత్తిడి తక్కువగా ఉండేది గనుక సంకేతం రికార్డు గదికి సంబంధించిన లాంఛనంగా మిగిలిపోయింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29న అమలులోకి వచ్చాక, ఆ పరిస్థితిని మార్చింది. మానసిక వ్యాధిని జాతీయంగా లేదా అంతర్జాతీయంగా అంగీకరించిన ప్రమాణాల మేరకే నిర్ణయించాలని దాని 3వ సెక్షన్ చెబుతుంది. బీమా సంస్థలు శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా కల్పించాలని 21వ సెక్షన్, తన వైద్య రికార్డులు చూసే హక్కు రోగికి ఉందని 25వ సెక్షన్ చెబుతాయి. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో ఈ మేరకు సంస్థలను ఆదేశించింది. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నుంచి గానీ విశాఖపట్నం ఆసుపత్రి నుంచి గానీ డిశ్చార్జి సమ్మరీతో ఇంటికి వెళ్లే రోగికి ఇకపై ఆ కాగితం మందుల చీటీ మాత్రమే కాదు, బీమా క్లెయిముకు ఆధారమూ అవుతుంది.

3వ సెక్షన్‌లోనే మరో నిబంధన ఉంది. గతంలో మానసిక చికిత్స పొందాడనో ఆసుపత్రిలో చేరాడనో అన్న ఒక్క కారణంతో ఒక వ్యక్తికి ఇప్పుడు మానసిక వ్యాధి ఉందని నిర్ణయించరాదు. అంటే ప్రతిసారీ ప్రస్తుత స్థితినే పరీక్షించి రాయాలని చట్టమే అడుగుతోంది. ఉపశమనం మొదలైన తేదీ, చివరి దశ స్వభావం, వాడుతున్న మందు, దాని రక్తస్థాయి, రోగి పనికి వెళ్తున్నాడా, నిద్ర ఎలా ఉంది అన్న వివరాలను వైద్యుడు నాలుగు వాక్యాల్లో రాయగలడు. వైద్య యోగ్యతా పత్రం కోరే ఉద్యోగదాత ముందుగానీ, క్లెయిము తిరస్కరించిన బీమా సంస్థపై ఫిర్యాదులోగానీ ఆ నాలుగు వాక్యాలు రోగి పక్షాన నిలబడే తిరుగులేని సాక్ష్యం. అవి లేనిచోట అతని గురించి మాట్లాడేది ఏళ్ల కిందట ఉన్మాద దశలో ఆసుపత్రిలో చేరిన రోజున పడిన ఎఫ్31.2 ఒక్కటే.